తీగలేని విద్యకు యోగ్యతాపత్రము – సంపాదింపదగినదా?

(ప్రసంగ పాఠము)

రేడియో ముందు కూర్చుండి సాయంకాలపు వార్తలు వినునట్టి ఇంటివారికి, తీగ లేకుండ మాట ప్రయాణము చేయుట వింత కాదు. ఆకాశమున వచ్చు తరంగమును ఏరియలు పట్టుకొనును. పెట్టె దానిని మరల మాటగా మార్చును. ఇప్పుడు అదే ఇంటిలో గోడకు తగిలించిన మరియొక చిన్న పెట్టెయు తరంగములనే వెదజల్లుచున్నది. దానిని వైఫై రూటరు అందుము. పిల్లవాని పాఠము, అంగడిలోని చెల్లింపు, దుబాయిలో నున్న పెద్దకొడుకు ముఖదర్శనము, ఇవన్నియు ఆ పెట్టె ద్వారముననే నడచుచున్నవి.

ఈ విద్యనే జీవనోపాధిగా స్వీకరింపవలెనని తలచు యువకులు మన నిజామాబాదు, బోధన్ ప్రాంతములలో తక్కువగా లేరు. డిప్లొమా పూర్తియైన వెంటనే వారి చేతికి హైదరాబాదు అమీరుపేట శిక్షణశాలల కరపత్రము వచ్చును. తీగలేని నెట్‌వర్కు పనిలో ఫలానా పరీక్ష నెగ్గినచో ఉద్యోగము సిద్ధమని అందులో నుండును. కుమారుడు ఆ కాగితము తెచ్చి తండ్రికి చూపును. తండ్రి దానిని అటు త్రిప్పి ఇటు త్రిప్పి, "ఇది నిజముగ పనికివచ్చునా, బిడ్డా?" యని యడుగును. కుమారునికిని తెలియదు. ఈ ప్రశ్నకే నేడు మేము సమాధానము చెప్ప యత్నింతుము.

చట్టము కోరు పత్రము, యజమాని కోరు పత్రము

బోధన్ వారికి ఈ విషయము చక్కెర మిల్లు ఉపమానముతో చెప్పిన సులువుగ బోధపడును. మంజీరపై నిజాంసాగరు జలాశయము 1931లో పూర్తియైనది. ఆ నీటితో చెరకు పెరిగినది. 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైనది. దాని చుట్టును శక్కర్‌నగర్ వెలసినది. ఆ కర్మాగారములో రెండు విధముల నిపుణులు ఉండిరి.

మొదటివాడు బాయిలరు నడుపువాడు. ఆవిరి పీడనము మితిమీరినచో బాయిలరు ప్రేలి ప్రాణములు పోవును. కావున 1923 నాటి బాయిలర్ల చట్టము కాలము నుండియు, పరీక్ష నెగ్గి యోగ్యతాపత్రము పొందినవాడే దాని బాధ్యత వహింపవలెనను నియమము కలదు. ఎంత అనుభవమున్నను, కాగితము లేనివానికి ఆ పని అప్పగింపరాదు.

రెండవవాడు పాన్ వద్ద పాకము పట్టువాడు. వాక్యూము పాన్‌లో ఉడుకుచున్న రసమును అద్దములోనుండి చూచి, కొంచెము పైకి తీసి, గాజుపలకపై పరచి, పలుకు ఎంత పెరిగినదో వ్రేళ్ళతోను కంటితోను నిర్ణయించువాడతడు. ఆతని చేయి తప్పినచో చక్కెర నాణ్యము చెడును. అయినను ఆతని నేర్పునకు చట్టము కాగితము నడుగలేదు; యజమాని మాత్రము ఆతని చేతివాటము నెరిగి జీతమిచ్చెడివాడు. ఈ విద్యకు సైతము శిక్షణ లేకపోలేదు. 1936లో నెలకొన్న కాన్పూరు చక్కెర విద్యాసంస్థ వంటివి నేర్పుచునే యున్నవి. కాని అది యోగ్యతను తెలుపు సాక్ష్యము మాత్రమే. పనిలో ప్రవేశించుటకు చట్టము విధించిన అనుమతి కాదు.

తీగలేని విద్యలోను ఈ రెండు తెగలు కలవు. ఔత్సాహిక రేడియో కేంద్రము నడుపదలచిన వానికి, అనగా జనులు 'హామ్' అని పిలుచువానికి, కేంద్ర టెలికాం శాఖవారి పరీక్ష, లైసెన్సు తప్పనిసరి. ఇది బాయిలరు పత్రము వంటిది. హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఈ రంగములో చిరకాలముగ శిక్షణ నిచ్చుచున్నది. వైఫై సంగతి వేరు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగపట్టీని నిర్ణీత శక్తికి లోబడి లైసెన్సు లేకుండ వాడుకొనుటకు మన ప్రభుత్వము 2005లో అనుమతించినది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 2018లో ఆ స్వేచ్ఛను విస్తరించినది. కావున ఆసుపత్రిలోనైనను, కళాశాలలోనైనను వైఫై అమర్చువానికి పత్రము ఉండితీరవలెనను చట్టము లేదు. అతడు పాన్ వద్ద నిలుచు నిపుణుని వంటివాడు. ఆతని పత్రమునకు విలువ యిచ్చునది యజమాని ఒక్కడే. ఈ ఒక్క సంగతి మనస్సున నిలిచినచో సగము నిర్ణయము జరిగినట్లే.

ఆ విద్యలో నేర్చుకొనున దేమి?

కాగితము సంగతి యటుండనిండు. విద్య మాత్రము సారవంతమైనది. మధ్యమ తరంగములు వందల మీటర్ల నిడివి గలవి. ఎఫ్.ఎం. తరంగము నిడివి సుమారు 3 మీటర్లు. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ తరంగము నిడివి పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగము దానిలో సగమునకు తక్కువ. నిడివి తగ్గినకొలది గోడలు, ఇనుప బీరువాలు, నీటి తొట్లు దారి కడ్డు వచ్చుట హెచ్చగును. తేమగల సరుకు తరంగమును పీల్చుకొనును. గోదాము ఖాళీగా నున్నప్పుడు చక్కగా నడచిన వైఫై, బస్తాలు కప్పుదాక పేర్చిన పిదప కుంటువడుట ఇందువలననే. ఖాళీ గోదామును చూచి అమర్చినవాడు కొత్తవాడు. నిండిన గోదామును ఊహించి అమర్చినవాడు విద్య తెలిసినవాడు.

ఇక మార్గముల సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో మనదేశమున 13 మార్గములు కలవు. కాని అవి ఒకదానిపై నొకటి ఒరిగియుండును. ఒండొంటిని తాకకుండ నుండునవి 1, 6, 11 అను మూడే. ఒకే వీధిలో పది యిండ్లవారు ఇష్టము వచ్చిన మార్గములలో రూటర్లు పెట్టినచో, రచ్చబండపై పదిమంది ఒక్కసారి మాటలాడినట్లగును. అదియును గాక, వైఫైలో ఒక మార్గమున ఒక్కసారికి ఒక్క యంత్రమే మాటలాడవలెను. తక్కినవి ఆగి వినవలెను. రూటరు మంచిదైనను వేగము పడిపోవుటకు ముఖ్యకారణము తరచు ఈ నిరీక్షణమే. సంకేతబలము పెంచిన అన్నియు చక్కబడునని సామాన్యులు తలంతురు. అందరును గొంతు పెంచినంత మాత్రమున రచ్చబండపై మాట స్పష్టము కాదు గదా!

బలమును కొలుచుటకు డెసిబెల్ లెక్క కలదు. 3 డెసిబెళ్ళు తగ్గినచో శక్తి సగమగును. 10 తగ్గినచో పదవవంతగును. రూటరు 100 మిల్లీవాట్ల శక్తితో పలికినను, కొంత దూరమున ఫోనుకు అందునది ఒక మిల్లీవాట్టులో 50 లక్షలవ వంతు మాత్రమే కావచ్చును. వైఫైపై ఫోను మాటలు తెగకుండ సాగుటకు నిపుణులు సాధారణముగ కోరుకొను మట్టము అదియే. వారి పరిభాషలో దానిని మైనస్ 67 డి.బి.ఎం. అందురు. ఇంత స్వల్పశక్తిని పట్టి, అందులోనుండి చలనచిత్రమును నడపించు విద్య ఇది. భద్రత, రహస్యలిపి, ఒక పెట్టె నుండి మరియొక పెట్టెకు ఫోను మారుట మున్నగునవియు ఇందులోనివే.

పరీక్షలు, వాని ఆయువు

ఈ రంగములో పత్రములిచ్చువారు రెండు తెగలు. ఒక యంత్రనిర్మాతతో సంబంధము లేక, అన్ని యంత్రములకును చెల్లు మూలసూత్రములను పరీక్షించువారు మొదటి తెగ. 1999లో మొదలైన సి.డబ్ల్యు.ఎన్.పి. సంస్థ ఈ తెగలో ప్రసిద్ధము. వారి మూలపరీక్ష సి.డబ్ల్యు.ఎన్.ఏ. ఇందులో 90 నిమిషములలో 60 ప్రశ్నలకు జవాబు చెప్పి నూటికి 70 తెచ్చుకొనవలెను. దానిపై భద్రతకు, రూపకల్పనకు, తరంగవిశ్లేషణకు వేరువేరు పరీక్షలున్నవి. అన్నిటికి పైమెట్టు సి.డబ్ల్యు.ఎన్.ఇ. దానికి పరీక్షలు నెగ్గిన చాలదు; మూడేండ్ల అనుభవము, చేసిన పనులపై వ్రాతలు, ఎరిగినవారి సిఫారసులు కూడ కావలెను. పైమెట్టున పనికే ప్రాధాన్యమిచ్చుట గమనింపదగినది.

తమ యంత్రములను నడుపు నేర్పునకు పత్రమిచ్చు నిర్మాతలు రెండవ తెగ. సిస్కో సంస్థవారి సి.సి.ఎన్.ఏ. ఇందులో విఖ్యాతము. అది నెట్‌వర్కు విద్యకంతటికిని ప్రవేశద్వారము వంటిది. వైఫై అందులో ఒక భాగమే. ఆ పరీక్ష రుసుము 300 అమెరికను డాలర్లు, పన్నులు వేరు. మన రూపాయలలో పాతికవేలకు మించును. శిక్షణశాల రుసుము, హైదరాబాదులో వసతి, భోజనము దీనిలో చేరలేదు. తప్పినచో మరల కట్టవలెను.

పై రెండు పత్రముల ఆయువు మూడేండ్లే. పిమ్మట వానిని మరల పునరుద్ధరించుకొనవలెను. అంతకన్న గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. సిస్కోవారు కేవలము తీగలేని విద్యకే సి.సి.ఎన్.ఏ. వైర్‌లెస్ అను వేరు పత్రము నిచ్చెడివారు. 2020 ఫిబ్రవరిలో దానిని విరమించి, పలు శాఖల సి.సి.ఎన్.ఏ. లను ఒక్క పరీక్షగా కలిపిరి. ఆ పేరుతో పత్రము సంపాదించినవారి విద్య నశింపలేదు గాని, కాగితము పేరు మాత్రము అంగడిలో పాతబడినది. మూలసూత్రములు నేర్చినవాడు ఇట్టి మార్పును తట్టుకొనును. ప్రశ్నలు, జవాబులు వల్లించినవాడు తట్టుకొనలేడు.

ఇచట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. అసలు పరీక్షలో వచ్చు ప్రశ్నలేయని చెప్పి దొంగప్రతులు అమ్ముచుందురు. వానిని కొనుట పరీక్షానియమములకు విరుద్ధము. బయటపడినచో పత్రము రద్దగును. బయటపడకున్నను, ఉద్యోగపు మౌఖికపరీక్షలో రెండవ ప్రశ్నకే గుట్టు తెలియును.

ఎవరు అడుగుదురు? ఎందుకు అడుగుదురు?

ఇక అసలు సంగతికి వత్తము. నిజామాబాదులోను బోధన్‌లోను ఈ పని చేయించువారెవరు? ఇంటర్నెట్ సరఫరాదారులు, కేబులు ఆపరేటర్లు, కెమెరాలు బిగించువారు, ఆసుపత్రులు, విద్యాలయములు, బియ్యపు మిల్లులు. వీరిలో పెక్కుమందికి కావలసినది స్తంభ మెక్కి ఫైబరు అతుకగలవాడు, తీగ చివర చక్కగ బిగింపగలవాడు, రాత్రి ఫిర్యాదు వచ్చిన వెళ్ళి బాగుచేయగలవాడు. వీరు సాధారణముగ పత్రము నడుగరు, "ఇంతకు ముందు ఎక్కడ చేసినావు?" అని యడుగుదురు. నిజామాబాదులో 2023లో ఐ.టి. హబ్ ప్రారంభమైనది. అట్టి చోట్ల ఉద్యోగములు ఎక్కువగ ప్రోగ్రాములు వ్రాయువారికే గాని తరంగములను కొలుచువారికి గావు.

హైదరాబాదులోను, గల్ఫు దేశములలోను పరిస్థితి భిన్నము. అచట పెద్ద హోటళ్ళకు, విమానాశ్రయములకు, ఆసుపత్రులకు నెట్‌వర్కు అమర్చు కాంట్రాక్టు సంస్థలున్నవి. యంత్రనిర్మాతల వద్ద భాగస్వామి హోదా పొందవలెనన్నచో, పత్రములు గల ఇంజనీర్లు ఇందరుండవలెనను నిబంధన ఆ సంస్థలకు కలదు. టెండరు పత్రములలోను అట్టి నిబంధన తరచు కనబడును. కావున అచట నీ పత్రము నీ విద్యకు సాక్ష్యమగుటయే గాక, నీ యజమాని వ్యాపారమునకు పెట్టుబడియు అగును. కొందరు యజమానులు తామే రుసుము చెల్లించి ఉద్యోగులచే పరీక్ష వ్రాయింతురు, దాని రహస్యమిదియే. ఉద్యోగమునకు ముందు పరీక్షయా, ఉద్యోగము వచ్చిన పిదప పరీక్షయా అను ప్రశ్నకు ఇందులోనే సగము జవాబు కలదు.

ముగ్గురి సంగతి

మన ప్రాంతములో ఈ ప్రశ్న వేయువారిని మూడు తరగతులుగ విభజింపవచ్చును.

మొదటివాడు బోధన్ సమీప గ్రామమున ఐ.టి.ఐ. లేక డిప్లొమా చదివి, కేబులు ఆపరేటరు వద్ద చిన్న జీతమునకు పనిచేయుచున్నవాడు. అతనికి వెంటనే వైఫై పత్రము వలదని మేము చెప్పుదుము. ముందు ఫైబరు పని, తీగల పని, నెట్‌వర్కు మూలసూత్రములు పటుత్వముగ నేర్వవలెను. వైఫై పెట్టె వెనుక నుండునది తీగయే గదా! తీగ పని రానివాడు తీగలేని పనిలో నిలువలేడు. ఒకటి రెండేండ్లు గడచిన పిదప సి.సి.ఎన్.ఏ. వంటి విస్తృతమైన పరీక్షకు సిద్ధపడుట మేలు.

రెండవది నిజామాబాదులో ఇంజనీరింగు పూర్తిచేసి, ఉద్యోగము కొరకు చూచుచున్న అమ్మాయి అనుకొందము. ఆమెకు మూలవిద్య కలదు; అనుభవము లేదు. ఆమె మొదటి అడుగు కూడ సి.సి.ఎన్.ఏ. వైపే యుండుట ఉచితము. దాని పేరు నెరిగిన యజమానులు హెచ్చు. తరంగముల పనిపై నిజమైన మక్కువ కలిగినచో, ఉద్యోగములో చేరిన పిదప సి.డబ్ల్యు.ఎన్.ఏ. ను యజమాని సాయముతో వ్రాయవచ్చును. రెండు రుసుములు ఒక్కసారి కట్టుటకు అప్పు చేయరాదు.

మూడవవాడు గల్ఫులో ఎనిమిదేండ్లు కేబులు పనిచేసి సెలవుపై వచ్చినవాడు. చేతిలో అనుభవమున్నది, జీతము మాత్రము కూలి స్థాయిలోనే నిలిచినది. తనకన్న చిన్నవాడు పత్రము చూపి ఇంజనీరు కుర్చీలో కూర్చుండుట అతడు కన్నులార చూచియుండును. సి.డబ్ల్యు.ఎన్.ఏ. యో, తన యజమాని వాడు యంత్రముల పత్రమో నిజముగ ఉపకరించునది ఇతనికే. ఏలయన పత్రము చెప్పున దంతయు అతడు చేసియే యున్నాడు. పేరు మాత్రము తెలియదు. అయితే ఆంగ్లములో ప్రశ్న చదివి బోధపరచుకొను అభ్యాసము ముందు చేయవలెను. కొన్ని ఉద్యోగములకు పత్రముతోపాటు డిప్లొమా కూడ నడుగుదురు. ఆ సంగతియు ముందే విచారించుకొనుట మంచిది.

రూపాయి కట్టుటకు ముందు చేయదగినవి

మొదటిది: తాను చేరగోరు ఊరిలో, తాను కోరు పనికి సంబంధించిన ఇరువది ఉద్యోగ ప్రకటనలు సేకరింపవలెను. ఒక కాగితముపై గీతలు గీసి, ఏ పత్రము పేరు ఎన్నిమార్లు వచ్చినదో, ఎన్నేండ్ల అనుభవ మడిగిరో వ్రాయవలెను. కరపత్రము చెప్పినదానికన్న ఆ కాగితము చెప్పునదే నమ్మదగినది. ఇరువదింటిలో పత్రము పేరు ఒక్కమారును రానిచో, ఆ రుసుము నిలిపివేయవచ్చును.

రెండవది: పరీక్షలో నేమేమి అడుగుదురో తెలుపు విషయసూచికను ఆయా సంస్థలు ఉచితముగనే ప్రకటించుచున్నవి. దానిని ముందుంచుకొని ఒక మాసము సొంతముగ చదువవలెను. నెట్‌వర్కు పాఠములు ఎన్.పి.టి.ఇ.ఎల్. వారి వద్ద ఉచితముగ లభించును. సిస్కోవారి ప్యాకెట్ ట్రేసరు, తరంగవార్తలను విప్పి చూపు వైర్‌షార్కు అను సాధనములకును వెల లేదు.

మూడవది: చేతిపని. ఇంటి నక్షా గీసి, ప్రతి గదిలోను ఫోనుతో సంకేతబలము కొలిచి, అంకెలు వ్రాయవలెను. రూటరును కదలించి మరల కొలువవలెను. పొరుగువారి రూటర్లు ఏ మార్గమున నున్నవో చూచి, తమ మార్గము మార్చి, ఫలము గమనింపవలెను. పిదప బడిలోనో, అత్తవారి మిల్లులోనో అనుమతి పొంది అట్లే చేయవలెను. ఇట్టి నాలుగు నక్షాలు, ముందు వెనుకల అంకెలతో సహా, ఉద్యోగమిచ్చు వానికి చూపినచో అవియే ఒక పత్రము వంటివి. ఈ మాసకాలములో విసుగు పుట్టినచో, ఆ యువకునికి ఈ వృత్తి తగదని ఖర్చు లేకుండగనే తెలిసినది గదా!

నాలుగవది: శిక్షణశాలవారు ఉద్యోగము ఖాయమని చెప్పినచో, గడచిన సంవత్సరము చేరినవారిలో ఇద్దరు ముగ్గురితో స్వయముగ మాటలాడవలెను. అందుకు వారు సందేహించినచో మనమును సందేహింపవలెను.

తల్లిదండ్రులకు ఒక మాట

బోధన్ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యము క్రిందికి మారి, 2015 డిసెంబరులో మూతపడినది. దానిని నమ్ముకొన్న కార్మికుల యిండ్లలో, తండ్రి పని కొడుకునకు వచ్చునను ధైర్యము ఆనాటితో పోయినది. అట్టి యింట, కరపత్రములోని ఉద్యోగపు మాట చీకటిలో దీపమువలె కనబడుటలో ఆశ్చర్యము లేదు. చెరకు సొమ్ము, వరి సొమ్ము, గల్ఫు నుండి వచ్చిన సొమ్ము ఏదియు సులువుగ వచ్చినది కాదు. అందుచేత కుమారుడు అడిగినప్పుడు కసరుటయు వలదు, వెంటనే అప్పు తెచ్చుటయు వలదు. "ఇరువది ప్రకటనల కాగితము చూపు, బిడ్డా, మన ఇంటి నక్షా చూపు" అని యడుగుడు. చూపినవానికి రుసుము కట్టుడు. చూపనివానికి మరి యొక మాస మిండు.

మొత్తముమీద మా అభిప్రాయ మిది. అనుభవము గలవానికి, పత్రము నడుగు చోట పనిచేయగోరు వానికి తీగలేని నెట్‌వర్కు పత్రము సంపాదింపదగినదే. ఇప్పుడే మొదలుపెట్టువానికి విద్య ముందు, విస్తృతమైన పరీక్ష తరువాత, ఈ ప్రత్యేకపత్రము ఆపై. పాన్ వద్ద నిలిచిన పాతకాలపు పనివాడు గాజుపలకపై పలుకును చూచి పాకము నిర్ణయించెను. మన యువకుడును తన చేతిలోని అంకెలను చూచి తన పాకము తానే నిర్ణయించుకొనవలెను. అది కుదిరిన నాడు కాగితము దానంతట అదియే విలువ తెచ్చుకొనును.